నీడను కాపాడుకోవడం

నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుడుల త్రికూటం. అందులో ఒక గర్భగుడిలో స్తంభాన్ని పోలిన నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమటికి నడిచినా అది జరగదు. ఆ నీడ ఏ స్తంభానిదని వెతికితే ఒక్కదానికి అంటగట్టడం కుదరదు. ఎండ నేరుగా లోపలికి రాదనీ, బయట చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి వచ్చేటప్పుడు వాటి నీడలన్నీ కలిసి ఒకటై కనిపిస్తాయనీ భౌతికశాస్త్రం తెలిసినవారు వివరిస్తారు. అంటే ఆ నీడ రాతిలో లేదు, వెలుగులో లేదు; రాయీ వెలుగూ ఖాళీ స్థలమూ తమతమ చోట్ల ఉన్నంతవరకే అది ఉంటుంది. పుణ్యస్థలం తాలూకు పవిత్రత ఎక్కడుంటుందన్న పాత ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనిపించదు. అది విగ్రహంలో మాత్రమే లేదు, గోడల్లో మాత్రమే లేదు. గుడికీ చెరువుకూ ఊరికీ మనుషులకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంది. కాబట్టి చారిత్రక స్థలాన్ని కాపాడటమంటే ఆ సంబంధాన్ని కాపాడటమే.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. ఏ వస్తువుకూ తనంతట తానుగా స్వభావం లేదనీ, కారణాలూ సంబంధాలూ కూడినప్పుడే అది అదిగా ఉంటుందనీ బోధించిన ఆచార్య నాగార్జునుడి పేరే ఇక్కడికి దక్షిణాన కృష్ణ ఒడ్డున కొండకు నిలిచింది. మన పెద్దలు చెప్పిన సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువు, గుడి, తోట కూడా ఉన్నాయి. వాటిని ఆస్తి అనలేదు, సంతానమన్నారు. ఆస్తిని అమ్ముకోవచ్చు, సంతానాన్ని పెంచి రేపటికి అప్పగించాలి. 11, 12 శతాబ్దాల్లో పానగల్లును రాజధానిగా ఏలిన కందూరు చోడులు ఆలయాలతో ఆగిపోలేదు. వారిలో ఉదయుడి పేరు మోస్తున్న ఉదయసముద్రం చెరువు అక్కడే ఉంది. రామాయణ భారత కథలను గోడల మీద మోస్తున్న పచ్చల సోమేశ్వరాలయం మరోవైపు ఉంది. చెరువు పంటనిచ్చింది, పంట గుడికి దీపమిచ్చింది, గుడి ఊరికి పండుగనిచ్చింది. వీటిలో ఒకదాన్ని విడదీసి, చుట్టూ కంచె వేసి, ఇదే వారసత్వమంటే మిగతాది ఏమైనట్టు?

విడదీస్తే ఏమవుతుందో మన చరిత్రే చూపించింది. నాగార్జునసాగర్ నీళ్లలో నాగార్జునకొండ లోయ మునగబోతుంటే 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిగాయి. దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆ పని చేసినవారికి చేతులెత్తి మొక్కాలి. వారు లేకపోతే రాళ్లు కూడా మిగిలేవి కావు. అయినా సంగమేశ్వరుడు సంగమానికి దూరమయ్యాడు. ఆ పేరుకు అర్థమిచ్చిన చోటు వెంట రాలేదు. జపాన్‌లోని ఇసే ఆలయానిది సరిగ్గా ఎదురు కథ. దాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త కలపతో మళ్లీ కడతారు, 2013లోనూ కట్టారు. ఆ కలప పాతది కాకపోయినా అడవి, నది, వడ్రంగి విద్య, పూజ నిలిచి ఉన్నాయి గనుక ఆ స్థలం ప్రాచీనమే. ఒకచోట రాయి మిగిలి స్థలం పోయింది, మరోచోట కలప మారి స్థలం నిలిచింది. కట్టడాన్ని దాని పరిసరాల నుంచి వేరు చేయలేమని 1964లో వెనిస్ ఒప్పందపత్రం చెప్పిన మాట ఇక్కడ రుజువవుతోంది.

దీనికి మొదటి ఆక్షేపణ బతుకు వైపు నుంచి వస్తుంది. ఊళ్లో మనుషులున్నారు, వారికి ఇళ్లు కావాలి, నీళ్లు కావాలి; పాతదాని పేరుతో వారి చేతులు కట్టేయడం న్యాయమా? న్యాయం కాదు. నాగార్జునకొండను ముంచిన సాగర్ నీరే ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకం ద్వారా ఇవాళ ఉదయసముద్రానికి చేరుతోంది. ఫ్లోరైడ్ నీటితో తరాలుగా ఎముకలు వంగిన నల్లగొండ జిల్లాలో కృష్ణ నీళ్లు వద్దనే హక్కు ఎవరికీ లేదు. ఆ నష్టం నిజం, ఈ అవసరమూ నిజం. అయితే ఉదయసముద్రమే మరో సంగతి చెబుతోంది. వాన నీటి చెరువు జలాశయమైంది, అయినా చెరువుగానే ఉంది. మార్పు సంబంధాన్ని తెంచకపోతే స్థలం దాన్ని ఇముడ్చుకుంటుంది. దప్పిక తీర్చడానికి పోగొట్టుకున్నది వేరు, చెరువు శిఖం భూమిని ప్లాట్లు చేయడానికి పోగొట్టుకునేది వేరు. గుడి పక్కన ఇల్లున్న వాడికి ఎత్తు మీద ఆంక్ష పెడితే ఆ భారం అతనొక్కడే మోయకూడదు. అందరి కోసం అతను వదులుకున్నదానికి అందరి సొమ్ములోంచే పరిహారం రావాలి.

రెండో ఆక్షేపణ భక్తి వైపు నుంచి వస్తుంది. గుడి మ్యూజియం కాదు, దేవుడి ఇల్లు. రంగులు వేస్తాం, టైల్స్ పరుస్తాం, రేకుల పందిరి వేస్తాం, తప్పేమిటి అంటారు. గుడి బతికుండాలన్న మాట పూర్తిగా నిజం. పూజ లేని గుడిలో సంబంధం సగం తెగినట్టే. కానీ జీర్ణోద్ధరణ మన సంప్రదాయంలో ఇష్టానుసారం జరిగే పని కాదు. మయమతం వంటి వాస్తు గ్రంథాలు దానికి విడిగా విధులు చెప్పాయి. వైద్యుడు రోగిని బాగుచేయాలే గాని వేరే మనిషిని చేయకూడదు కదా! ఛాయా సోమేశ్వరాలయంలో మంటపానికి అడ్డంగా ఒక గోడ లేస్తే చాలు, ఎంత భక్తితో కట్టినా, వెలుగు దారి మూసుకుపోతుంది.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మరొకటుంది. ఈ పాత వైభవం ఎవరిది? శాసనాల్లో రాజుల పేర్లున్నాయి గాని మట్టి మోసినవారి పేర్లేవి? ఆ గుడి గడప తరతరాలుగా కొందరికి అందలేదు కదా? ఈ ప్రశ్నను దాటవేసి వారసత్వం గురించి మాట్లాడటం అబద్ధమవుతుంది. ఆ వెలి వేయడం వారసత్వం కాదు, అప్పు, దాన్ని తీర్చాలి. కానీ చెరువు కట్టను తవ్వేస్తే ఆ అప్పు తీరదు. మట్టి తట్టలు మోసిన ఆడవాళ్లకు, రాయి కొట్టిన ఒడ్డెర్లకు, తూము దగ్గర రాత్రుళ్లు కాపలా కాసిన నీరటికాళ్లకు శాసనం లేదు. ఆ కట్టే వారి శాసనం. దాన్ని చెరిపేస్తే రాజు పేరు పుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది, పోయేది వారి జ్ఞాపకమే.

ఇక అన్నీ అనిత్యమే, పోయేదాన్ని ఎందుకు పట్టుకోవాలనేవారున్నారు. కూడినవన్నీ విడిపోతాయని చెప్పిన బుద్ధుడే, ఆ చివరి ఘడియల్లోనే, ఏమరుపాటు లేకుండా సాధన చేయమన్నాడు. అనిత్యత మనకు నేర్పేది నిర్లక్ష్యం కాదు. కాలం చేసే పని కాలం చేస్తుంది. దాన్ని తొందరపెట్టే బాధ్యత మనకెవరూ అప్పగించలేదు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను చట్టం నిషేధిస్తుంది, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రిస్తుంది. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. ఇవి కావాలి, కానీ చట్టం కొలవగలిగేది దూరాన్నే. ఏ వీధిలోంచి గుడి కనిపించాలి, ఏ కాలువలో నీరు పారాలి, ఏ ఖాళీని ఖాళీగా ఉంచాలి అన్నది ఊరు కూర్చుని తేల్చుకోవాలి. పానగల్లు నీడను ఏ తాళమూ వేసి దాచలేం. దాని చుట్టూ ఉన్నవాటిని వాటి చోట ఉండనిస్తే, రేపు కూడా అది అక్కడే ఉంటుంది.