గుర్రాలకు నీళ్ళు పట్టిన సారథి

 

పోయిన ఆదివారం వీడియోలో ద్రోణపర్వం చెబుతూ ఒకచోట ఆగి, ఆ ఘట్టం దాటేసి ముందుకు వెళ్ళిపోయాను. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి "గురువుగారూ, గొంతు బాగాలేదా?" అని అడిగారు. గొంతు బాగానే ఉందండీ. ఆ ఘట్టం చెప్పే అర్హత నాకు లేదనిపించింది, అందుకు ఆగాను. ఎందుకనిపించిందో ఇక్కడ రాస్తున్నాను.

ఫాల్గుణ మాసంలో ఒక శని, ఆదివారాలు శ్రీశైలం వెళ్ళొచ్చాను. వెళ్ళింది మామూలుగా కాదు. హైదరాబాదులో పాత కార్లు దాచుకునేవాళ్ళు కొందరున్నారు. ఏడాదికి రెండుమూడుసార్లు ఆ కార్లన్నీ బయటికి తీసి, కుటుంబాలతో కలిసి ఏదో ఒక ఊరు వెళ్ళొస్తారు. పోటీ లేదు, బహుమతి లేదు. దారిలో ఆగుతారు, టీ తాగుతారు, ఒకరి బానెట్ ఇంకొకరు ఎత్తి చూసుకుంటారు, అంతే. ఈసారి శ్రీశైలం అనుకున్నారు. శనివారం సాయంత్రం దర్శనం, రాత్రి సత్రంలో బస, అక్కడ ఓ గంట నా ప్రవచనం. నన్ను పిలిచింది అందుకు.

తెల్లవారుజామున అయిదున్నరకి పదకొండు బండ్లు వరసగా నిలబెట్టారు. ఆ దృశ్యం మీరు చూడాల్సిందేనండీ. 1950ల నాటి ల్యాండ్‌మాస్టర్ ఒకటి, రెండు ఫియట్ పదకొండువందలు, మూడు ప్రీమియర్ పద్మినీలు, రెండే తలుపులున్న స్టాండర్డ్ హెరాల్డ్, ఒక కాంటెస్సా, రెండు అంబాసిడర్లు, చివర ఒక విల్లీస్ జీపు. ఏ బండీ ఒక్కసారికి స్టార్ట్ కాలేదు! ఒకదానికి చోక్ లాగాలి, ఇంకోదానికి నాలుగుసార్లు యాక్సిలరేటర్ తొక్కి ఆగాలి. ఇంట్లో పెద్దవాళ్ళను నిద్రలేపినట్టు, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

బయల్దేరే ముందు వాళ్ళు ఒక నియమం చెప్పారు. అన్నిటికన్నా నెమ్మదిగా పోయే బండి ముందుండాలి. దాన్ని ఎవరూ దాటకూడదు. పనిముట్లున్న జీపు అందరికన్నా వెనక. ఎవరి బండి ఆగినా జీపు ఆగాలి, జీపు ఆగితే అందరూ ఆగాలి. నాకు భలే నచ్చింది. "ఇదేనండీ ధర్మం, బలహీనుణ్ణి ముందు పెట్టుకుని నడవడం" అని అక్కడే ఓ పది నిమిషాలు మాట్లాడేశాను. మైకు లేకపోయినా మాట్లాడతాను కదా, అదో అలవాటు.

నన్ను 1984 మోడల్ అంబాసిడర్ వెనకసీట్లో కూర్చోబెట్టారు. నడిపేది ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ముందుసీట్లో ఆయన తండ్రి, ఎనభై దగ్గర పడ్డ మనిషి, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. ఆ బండి ఆయనదే. కర్నూల్లో టాక్సీ నడిపారు, పాతికేళ్ళకు పైగా. చూపు తగ్గాక బండి షెడ్డులో పెట్టేశారు. కొడుకు దాన్ని విప్పదీసి బాగుచేయించి, మొట్టమొదటి దూరప్రయాణానికి తండ్రిని ఎక్కించాడు.

"శ్రీశైలం ఎన్నిసార్లు వచ్చుంటారు పెద్దాయనా?" అని అడిగాను.

"లెక్కలేదు సామీ. ఆత్మకూరు, దోర్నాల మీదుగా రెండుమూడు నెలలకో బాడుగ తగిలేది. కార్తీకంలో అయితే వారం వారం."

"అబ్బా, ఎంత పుణ్యం! మల్లన్నను అన్నిసార్లు చూశారు."

ఆయన నవ్వారు. "లోపలికి పోయింది రెండుసార్లేమో సామీ. బండి దగ్గర ఎవరుంటారు? వాళ్ళ సామాన్లు, పిల్లోళ్ళ బట్టలు, ఆడవాళ్ళ సంచులు అన్నీ బండ్లోనే కదా. శిఖరం కాడ మొక్కేవాణ్ణి."

భార్య కూడా ఎప్పుడూ అడిగేదట, ఒక్కసారి తీసుకుపొమ్మని. బాడుగ బండి, ఖాళీ సీటు ఎప్పుడుంటుంది? ఆమె పోయి మూడేళ్ళయింది. ఈ మాట ఆయన చెప్పలేదు, టీ దగ్గర కొడుకు చెప్పాడు.

కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటాం. డిండి దగ్గర ఫలహారం. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే ఇంక నల్లమల. రాత్రి తొమ్మిది తర్వాత ఆ గేటు మూసేస్తారు, పులుల అడవి కదా. అడవిలో ఎటూ నెమ్మదిగానే పోవాలి కాబట్టి మా ల్యాండ్‌మాస్టర్ గారికి ఆ రోజు గౌరవం దక్కింది.

దారిలో నేను ఊరుకోకుండా కఠోపనిషత్తు ఎత్తాను. యముడు నచికేతుడికి చెప్పిన రథం పోలిక మీకు తెలిసిందే. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి, లోపల కూర్చున్నవాడు ఆత్మ. అరగంట చెప్పాను. పెద్దాయన శ్రద్ధగా విని, "సామీ, బండి నిలబడిపోతే దిగి తోసేవాడు ఆ లెక్కలో ఎవరు?" అని అడిగారు. కారులో అందరం నవ్వాం. నేనూ నవ్వి దాటేశాను. ఇప్పుడు నవ్వు రావటం లేదు.

ఈగలపెంట నుంచి దిగి, డ్యామ్ కింద వంతెన దాటి, లింగాలగట్టు దగ్గర మళ్ళీ ఘాట్ ఎక్కుతుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మధ్యాహ్నం మూడున్నర. రాళ్ళు కాలిపోతున్నాయి. గుడికి ఇంక పదిహేను కిలోమీటర్ల లోపే. జీపు ఆగింది, అందరూ ఆగారు.

పెద్దాయన దిగి, చేత్తో తడుముకుంటూ బానెట్ దగ్గరికి వెళ్ళారు. "పెట్రోలు పైపులోనే ఆవిరైపోతాంది నాయనా. పంపు కాలిపోతాంది చూడు. తడిగుడ్డ కట్టి పెట్టు, చల్లబడితే అదే లేస్తాది" అన్నారు. కొత్త కార్లలో ఈ బాధ లేదట. పాత వాటిలో పంపు ఇంజనుకే అతుక్కుని ఉంటుంది, ఎండా ఘాటూ కలిస్తే పెట్రోలు ఆవిరై పంపు లాగలేదు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"అది ఇనుము సామీ. దానిష్టం."

మా దర్శనం టికెట్లు అయిదు గంటలకి. నేను వాచీ చూసుకున్నాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. ఎవరూ ఏమీ అనలేదండీ, ఇది నిజం చెప్పాలి. వెళ్దామని ముందు నోరు తెరిచింది నేనే. "టికెట్లు పోతే మళ్ళీ దొరకవేమో, శివుడి పిలుపు కదా, కొందరమైనా వెళ్తే..." అని. శివుణ్ణి అడ్డం పెట్టుకున్నానన్నమాట. నా మొహమాటానికి ఎవరూ కాదనలేకపోయారు. ఆ కొడుకు తలొంచుకుని బానెట్ కిందే ఉన్నాడు. పెద్దాయనే నా దగ్గరికి వచ్చి, "మీరు పోండి సామీ. దర్శనం టైము దాటిపోతాది. నాకిది అలవాటే" అన్నారు.

నాకిది అలవాటే! ఆ మాట విన్నాక కూడా నేను నా సంచి తీసుకుని ఫియట్‌లో ఎక్కాను. జీపు, హెరాల్డ్ ఉండిపోయాయి. మిగతా బండ్లు నా వెనకే కదిలాయి.

ఇప్పుడు ద్రోణపర్వం దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఆ రాత్రి సత్రంలో చెప్పడానికి నేను సిద్ధం చేసుకున్న కథ అదే.

యుద్ధంలో పద్నాలుగో రోజు. అభిమన్యుడు పోయాడు. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతాను అని అర్జునుడి ప్రతిజ్ఞ. కౌరవసైన్యం మొత్తం పనిగట్టుకుని మధ్యలో నిలబడింది. వాళ్ళు గెలవక్కర్లేదు, సాయంత్రం దాకా ఆపితే చాలు. అంటే అర్జునుడికి ఆ రోజు ప్రతి నిమిషం ప్రాణమే. అలాంటి రోజున, సైంధవుడు ఇంకా దూరంగా ఉండగానే, రథం గుర్రాలు అలిసిపోయాయి. ఒళ్ళంతా బాణాలు. దాహం.

మనమైతే ఏం చేస్తాం? ఇంకో రెండు దెబ్బలు వేసి తోలతాం. పోతే పోయాయి, పని ముఖ్యం. కృష్ణార్జునులు ఏం చేశారో చూడండి. రణరంగం మధ్యలో రథం ఆపి గుర్రాలను విప్పేశారు. అర్జునుడు నేలమీద నిలబడి, నాలుగువైపులా సైన్యాన్ని ఒక్కడే ఆపుతున్నాడు. రథం మీద లేడు, శత్రువులకు అంతకన్నా మంచి అదను దొరకదు. "గుర్రాలకు తాగడానికి నీళ్ళు లేవే" అన్నాడు కృష్ణుడు. అర్జునుడు బాణంతో నేల చీల్చి మడుగు పుట్టించాడు, బాణాలతోనే చుట్టూ ఇల్లు కట్టాడు. ఆ ఇంట్లో జగన్నాథుడు ఏం చేస్తున్నాడు? గుర్రాల ఒంట్లో దిగిన బాణాలు తన చేత్తో ఒక్కొక్కటే పీకుతున్నాడు. ఒళ్ళు తోముతున్నాడు. నేలమీద పొర్లనిస్తున్నాడు. నీళ్ళు పట్టి, మేత పెట్టి, అలసట తీరిందని చూసుకుని, అప్పుడు మళ్ళీ కట్టాడు. పైన సూర్యుడు వాలుతూనే ఉన్నాడు.

ఈ కథ నేను ఎన్నో ఊళ్ళలో చెప్పాను. "పరమాత్మ సాయీసు పని చేశాడండీ" అనగానే సభలో చప్పట్లు కొడతారు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం అదే ఘట్టం నా కళ్ళముందు జరిగింది. ప్రతిజ్ఞ లేదు, ప్రాణభయం లేదు, నాకున్నదల్లా ఒక టికెట్. కింద కృష్ణ పారుతోంది. జీపులో వచ్చిన కుర్రాడు ఆ నీళ్ళే క్యానులో తెచ్చాడట, ఆ పెద్దాయన తన తువ్వాలు తడిపి పంపుకి చుట్టారట. బండి నలభై నిమిషాలకి లేచింది. నలభై నిమిషాలండీ! నేను ఉండి ఉంటే అందరం కలిసి, కాస్త ఆలస్యంగానైనా, బతిమాలుకునైనా లోపలికి వెళ్ళేవాళ్ళం. మళ్ళీ ఘాట్ మీద ఇంకోసారి ఆగి, వాళ్ళు గుడి దగ్గరికి చేరేసరికి మా టైము అయిపోయింది.

నాకు దర్శనం బాగా జరిగింది. పూర్ణకుంభం ఒక్కటే తక్కువ. మల్లన్న ముందు నిలబడి కళ్ళు మూసుకుంటే బానెట్ కనిపించింది.

రాత్రి సత్రంలో మొదటి వరసలో పెద్దాయన కూర్చున్నారు, భుజాన తువ్వాలు లేదు. నేను ద్రోణపర్వం ఎత్తలేకపోయాను. భ్రమరాంబ మహత్యం ఏదో చెప్పి, అరగంటలో ముగించాను.

పొద్దున్నే ఆయన గది దగ్గరికి వెళ్ళి, "పెద్దాయనా, మీరూ అబ్బాయీ దర్శనానికి వెళ్ళండి. బండి దగ్గర నేనుంటాను" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మీరు బండి కాడ ఏంది సామీ" అంటూ చాలాసేపు వాదించారు. చివరికి తాళం నా చేతిలో పెట్టి, "లెఫ్ట్ డోరు సరిగ్గా పడదు, చూసుకోండి" అన్నారు.

రెండున్నర గంటలు పార్కింగ్‌లో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్ళానో, ఆ పార్కింగ్ మాత్రం ఎప్పుడూ చూడలేదు. సీటు వెనక్కి వాల్చి కాళ్ళు కిటికీలోంచి బయటపెట్టి పడుకున్నవాళ్ళు, బకెట్టుతో అద్దాలు కడిగేవాళ్ళు, ఒక చెట్టుకింద కూర్చుని పెరుగన్నం పొట్లం విప్పుకుంటున్నవాళ్ళు. మైకులో లోపలి మంత్రం ఇక్కడికీ వినిపిస్తుంది. ఒకతను గుడివైపు తిరిగి చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, మళ్ళీ చెప్పులేసుకుని టైర్లలో గాలి చూసుకున్నాడు. పక్క బండి కుర్రాడు నన్ను, "ఏ ఊరి బాడుగ అన్నా?" అని అడిగాడు.

"కర్నూలు" అన్నాను.

"పాత బండి, ఘాట్‌లో జాగ్రత్త" అన్నాడు.

పెద్దాయన విభూతితో వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాతో ఏమీ మాట్లాడకుండా ముందు వంగి, ఇంజను కింద నేల తడిమి చూశారు, ఆయిల్ ఏమైనా కారిందేమో అని. కారలేదు. అప్పుడు నా చేతిలో ప్రసాదం పెట్టారు.

తిరుగుదారిలో సాక్షి గణపతి దగ్గర ఆగాం. శ్రీశైలం వచ్చినవాళ్ళ హాజరు ఆ స్వామి రాసుకుంటాడని, మన పేరు, గోత్రం ఆయనకి చెప్పుకోవాలని పెద్దలమాట. పెద్దాయన ఎప్పుడూ ఇక్కడ బండి దిగలేదట. "హారన్ కొట్టి పోయేవాణ్ణి సామీ, ఆయనకి నా హారన్ తెలుసు" అన్నారు. ఈసారి కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. వెనకే నిలబడ్డాను కాబట్టి వినపడింది. గోత్రం చెప్పారు, తన పేరు చెప్పారు, తర్వాత భార్య పేరు చెప్పారు.

ఘాట్ దిగే ముందు జీపతను క్యాన్లన్నీ మళ్ళీ నింపించాడు. మన్ననూరు గేటు మూసేలోగా దాటాలి. ల్యాండ్‌మాస్టర్ ముందు, మేము రెండో బండి. ఎవరూ దాటలేదు.