తెలియని బాకీ

తెలియక చేసిన తప్పు తప్పగునా? ఇది పండితుల ప్రశ్న గాని మన ప్రశ్న కాదని ప్రియ చదువరులు తలంచవద్దు. గత వేసవిలో అల్వాలులోని మా యింటి కారు షెడ్డు బాగుచేయుచుండగా ఈ ప్రశ్న నాకెదురైనది. అప్పుడు నేను నేర్చుకొనిన దానిని మీతో చెప్పుకొనవలెనని వ్రాయుచున్నాను.

అల్వాలు సికిందరాబాదునకు ఉత్తరమున బొల్లారము దారిలో నున్నది. 2007లో ఇది హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిన పిమ్మట మేడలు పెరిగినవి గాని, పాత యిండ్ల ప్రహరి లోపల రేకుల షెడ్డులు ఇంకను కలవు. మా షెడ్డులో కారు నిలిచి చాల కాలమాయెను. విరిగిన కుర్చీలు, సగము వాడిన రంగు డబ్బాలు, తుప్పు పట్టిన పానాలు అందులో చేరినవి. ఏదైనను అడ్డముగా నుండినయెడల లోపల పడవేసి తలుపు మూయుట మా కలవాటు. పల్లెలోనున్న మీకు కారు షెడ్డు లేకపోవచ్చును. మోటారు కొట్టమో, ఎడ్లపాకలో ఒక మూలయో, అటకయో ఉండును. అందులో నేమున్నదో మీరెరుగుదురా?

ఉద్యోగము నుండి విశ్రాంతి పొందిన పిదప చిన్న చిన్న కొయ్యపనులు చేసికొనుటకు ఆ షెడ్డును పనిగదిగా మార్చ దలచితిని. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) జ్ఞాపకము చేసికొని 9,000 రూపాయలు ప్రత్యేకించితిని. వెంటనే రాణిగంజులోని ఇనుప సామానుల దుకాణములకు పోవుటకు సిద్ధపడితిని. మా వీధిలో ఒక పెద్దాయన యున్నాడు. 1893లో నిజాము కాలమున స్థాపింపబడిన లాలాగూడ రైల్వే కర్మాగారములో చాల యేండ్లు పనిచేసినవాడు. ఆయన నన్ను ఆపి, “బాబూ, ముందు సామానంతా ఎండలో పెట్టు. నీ దగ్గర ఏమున్నదో తెలియకుండ ఏమి లేదో ఎట్ల తెలుస్తది?” అనెను.

ఆయన మాట చొప్పున రెండు దినములు సామాను బయట పెట్టితిని. ఉంచుకొనదగినవి, ఇతరులకు ఇయ్యదగినవి, అమ్మదగినవి అని మూడు కుప్పలు చేసితిని. మూడు సుత్తులు, ఒకే కొలత పానాలు నాలుగు బయటపడినవి. ఉన్నది కనబడనందున మరల మరల కొన్నాము! లేమి వలన కాదు, క్రమము లేకపోవుట వలన మా డబ్బు పోయినది. పాత ఇనుమువానికి అమ్మగా 1,200 రూపాయలు వచ్చినవి.

రెండవ దినము సాయంకాలము ఒక గోనె క్రింద ఇనుప రందా దొరికెను. కొయ్యను చిత్రిక పట్టు ఆ సాధనము నాది కాదు. దాని పిడి మీద గాటు చూడగానే ఎవరిదో తెలిసినది. రెండేండ్ల క్రిందట ఒక ముసలి వడ్రంగి మేస్త్రీ మా తలుపులు సరిచేసి, ఒక అంచు మిగిలియున్నందున రందా నా యొద్ద విడిచి వెళ్లెను. తరువాత వచ్చి అడుగగా, “అప్పుడే తీసికొని పోయితివి గదా మేస్త్రీ” అని పంపివేసితిని. మరల ఒకసారి వచ్చెను. అప్పుడును ఆలాగే చెప్పితిని. నేను అబద్ధమాడుచున్నానని నాకు తెలియదు. నిజముగా ఇచ్చివేసితిననియే అనుకొంటిని. అందుకే ఆ రాత్రి నిద్రపట్టలేదు. దొంగిలింప నుద్దేశింపని నేను దొంగనా?

దేవుడు హృదయమును చూచును గనుక ఉద్దేశము లేని తప్పు తప్పు కాదని మన మనస్సు వెంటనే జవాబిచ్చును. అయితే మోషే ధర్మశాస్త్రము తెలియక చేసిన పాపమునకు గూడ బలిని నియమించెను. బుద్ధిపూర్వకముగా చేసినదానిని వేరుగా, మరింత కఠినముగా నెంచెను (సంఖ్యాకాండము 15:27-30). అనగా తెలియకపోవుట తప్పును తేలిక చేయునే గాని తుడిచివేయదు. పనివాని సాధనమన్న సామాన్యమైనది కాదు. తిరుగటి మీది రాయిని తాకట్టు పెట్టుకొనుట ఒకని ప్రాణమునే తాకట్టు పెట్టుకొనుటయని ద్వితీయోపదేశకాండము 24:6 బోధించుచున్నది. ఎలీషా దినములలో గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ప్రవక్తల శిష్యుడు కేక వేసినది అది ఎరువు తెచ్చినదైనందుననే (2 రాజులు 6:5).

ఇంకొకటి ఆలోచించితిని. నా తెలియనితనము ఎక్కడ నుండి వచ్చినది? గ్రుడ్డివానికి కనబడకపోవుట వేరు, దీపము వెలిగింపనివానికి కనబడకపోవుట వేరు. షెడ్డు తాళపుచెవి నా జేబులో నుండెను. మేస్త్రీ గేటు బయట నిలిచియుండెను. మా యిద్దరిలో వెదకగలవాడను నేనొక్కడనే. “వెదకి చెప్పెదను” అనుటకు బదులు “తీసికొని పోయితివి” అంటిని. మరచిపోవుట మానవ బలహీనత. వెదకకుండ నిశ్చయముగా పలుకుట మాత్రము నేను చేసిన తప్పు. తన నాణెము పోయిన స్త్రీ దీపము వెలిగించి యిల్లు ఊడ్చి వెదకెను (లూకా 15:8). మన సొమ్ము కొరకు చేయుదానిని పరుల సొమ్ము కొరకు చేయవద్దా? తాళపుచెవి ఎవని చేతిలో నున్నదో, వెదకు బాధ్యత వానిదే.

మరునాడు రందా తుప్పును కిరసనాయిలుతో తుడిచి మేస్త్రీ యింటికి తీసికొని పోయితిని. పొరుగువాని సొమ్ము విషయములో బొంకినవాడు దానితో ఐదవ వంతు కలిపి ఇయ్యవలెనని లేవీయకాండము 6వ అధ్యాయములో నున్నది. రాణిగంజులో అట్టి రందా వెల 2,000 రూపాయలు. ఐదవ వంతు 400. ఆయన కూలి నష్టమును తలంచి పాత ఇనుము అమ్మిన 1,200 రూపాయలును పట్టుకొని పోయితిని.

మేస్త్రీ రందాను త్రిప్పి త్రిప్పి చూచెను. “దొరికిందా సారూ? అయితే నేను అబద్ధం చెప్పలే గద! నేనే ఎక్కడనో పోగొట్టిన్నని మా ఇంటామె ఇన్నొద్దులు నన్నే అన్నది. రెండేండ్లు మంది రందా అడుక్కొని పని చేసిన” అనెను.

నేను తీసికొనినది రందా మాత్రమే కాదు! ఆయన మాటకు తన యింటిలోనే విలువ లేకుండ చేసితిని. అందుకు ఐదవ వంతు ఎంత? ఆయన భార్యను పిలిచి ఆమె యెదుట తప్పు ఒప్పుకొంటిని. డబ్బు ఇయ్యగా ఆయన లెక్కపెట్టి తీసికొనెను. “ఎందుకులే” అననందుకు సంతోషించితిని. క్షమాపణ అడుగుట వేరు, బాకీ తీర్చుట వేరు.

తరువాత షెడ్డు పని జరిగినది. రేకుల చీలికలకును గోడల సున్నమునకును 900, ప్లైవుడ్డు పలకకు 2,100, పాత ఇనుప రాకునకు 1,800, వైరింగు, ఎర్తింగు, దీపము, వాటి కూలికి 2,700, కొక్కెములు, స్క్రూలకు 500 ఆయెను. మొత్తము 8,000. పాత టేకు తలుపును రెండు కాళ్లమీద పరచి పనిబల్ల చేసితిని. నిలువబడినప్పుడు మణికట్టు ఎత్తునకు బల్ల ఉండినయెడల నడుము నొప్పి పుట్టదు. కరెంటు పనిలో మాత్రము పొదుపు చూడలేదు, ప్రాణముతో బేరమాడరాదు.

ప్లైవుడ్డు పలకను గోడకు బిగించి, ఒక్కొక్క సాధనమును దానిమీద నుంచి చుట్టు రంగుతో గీత గీచితిని. ఏది లేకపోయినను ఆ ఖాళీ రూపమే చెప్పును. ఇది కర్మాగారముల పద్ధతియని పెద్దాయన నేర్పెను. రాకులో అందరికంటె ముందు కనబడు అర మీద “ఇతరులవి” అని వ్రాసితిని. ఎరువు తెచ్చినవి, ఎవరైన విడిచి వెళ్లినవి అక్కడనే ఉండును. ఆ అర ఖాళీగా నున్న రాత్రి నాకు నిద్ర బాగుగా పట్టును.

ప్రియులారా, ఈ నెలలో ఒక దినము మీ కొట్టమును, అటకను తెరచి సామాను ఎండలో పెట్టుడి. మూడు కుప్పలతో ఆగవద్దు. తిరిగి ఇయ్యవలసినవాటికి నాలుగవ కుప్పకు స్థలముంచుడి. ఎవరైనను గేటు యొద్ద నిలిచి తమ వస్తువు అడిగినప్పుడు, జవాబు చెప్పకముందు తాళపుచెవి తీయుడి.