అన్నం లెక్కలో ఎవరి మాట ప్రమాణం?

తిన్న తిండికి ఫోన్‌లో యాప్ చూపే కేలరీల అంకెను ఎంతవరకు నమ్మాలన్నది పైకి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. లోతుకు వెళ్తే అది ప్రమాణ విచారం. మనిషికి ఏదైనా ఏ దారిన తెలుస్తుందో పరీక్షించే న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను ఒప్పుకుంటుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. యాప్ చూపే అంకె శబ్దం కిందికి వస్తుంది, అంటే ఒకరు చెప్పగా విన్న మాట. చెప్పేవాడు ఆప్తుడైతేనే ఆ మాట ప్రమాణమని నైయాయికుల షరతు. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడని తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహంలో నిర్వచించాడు. కాబట్టి లెక్క తప్పిందని విసుగెత్తినవాళ్లు ముందుగా అడగాల్సింది, ఆ అంకె ఎవరు చెప్పారని.

అది చాలా చేతులు మారి వస్తుంది. పిండిపదార్థాలకు, మాంసకృత్తులకు గ్రాముకు 4, కొవ్వుకు 9 కేలరీలన్న లెక్కను అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ 19వ శతాబ్దం చివర్లో స్థిరపరిచాడు. అది సగటు లెక్క. బాదం మీద అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితాల్లో, శరీరానికి నిజంగా అందేదాని కంటే ఆ పాత లెక్క దాదాపు మూడో వంతు ఎక్కువ చూపుతోందని తేలింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1971 పట్టికల్లో వంద గ్రాముల జొన్నలకు 349 కేలరీలుంటే, అదే సంస్థ 528 ఆహారాలను పరీక్షించి 2017లో వేసిన పట్టికల్లో 334 ఉన్నాయి. రెండూ ఆప్తవాక్యాలే. విత్తనం, నేల, కొలిచే పద్ధతి మారితే అంత తేడా రావడం సహజం, దాన్ని దాచుకోవాల్సిన పనీ లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. మైఫిట్‌నెస్‌పాల్ వంటి యాప్‌లలో వాడేవాళ్లు కూడా వంటకాలు చేర్చవచ్చు. దాంతో ఒకే పేరుకు ఒకదానికొకటి పొంతన లేని అంకెలు కనిపిస్తాయి. రాసినవాళ్లు తూచి రాశారో, ఉజ్జాయింపుగా రాశారో తెలియదు. ఆప్తుడెవరో తెలియని మాట శబ్దమే అవుతుంది, ప్రమాణం కాదు.

కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్ల తిండి దగ్గరికి వచ్చేసరికి ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. జొన్నరొట్టె చేత్తో తట్టి కాల్చేది. ఒకరింట్లో 60 గ్రాముల పిండితో రొట్టె అయితే, ఇంకొకరింట్లో 100 గ్రాములు పడుతుంది. మొదటిది 200 కేలరీలు, రెండోది 334. జొన్నరొట్టె దొరక్క రోటీ అని నొక్కితే వచ్చేది పల్చటి గోధుమ పుల్కా లెక్క. అన్నం విషయంలో పొరపాటు మరీ పెద్దది. వంద గ్రాముల బియ్యంలో 356 కేలరీలుంటాయి, వండిన వంద గ్రాముల అన్నంలో సుమారు 130. ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కితే లెక్క దాదాపు మూడింతలు తప్పుతుంది.

సర్వపిండిని చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి తడుపుతారు. నూనె రాసిన గిన్నె అడుగుకూ గోడలకూ ఆ ముద్దను అంటేలా ఒత్తి, వేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి, వాటిలో నూనె వేసి, మూత పెట్టి సన్నసెగ మీద ఎర్రగా కాల్చుతారు. ఆ గుంటల్లో పడే నూనె ఎంతో పోసే చేతికే తెలుసు. ఒక పెద్ద చెంచా అటూ ఇటూ అయితే 120 కేలరీల తేడా వస్తుంది. అందుకే సర్వపిండికి ఇంటికో లెక్క. ఏ యాప్ అయినా దానికి ఒకే అంకె చూపిస్తే ఆ అంకె ఎవరో ఒకరి గిన్నెది.

ఇలాంటప్పుడు వాడేవాళ్లు దగ్గరి పోలిక వెతుక్కుంటారు. మక్కగట్కకు ఉప్మా, సర్వపిండికి ఏదో ఒక అట్టు. ఇది ఉపమానం. గవయం ఆవులాంటి జంతువని ముందే విని, అడవిలో దాన్ని చూసినప్పుడు గుర్తుపట్టడం న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ పోలిక కొత్త జంతువును చూపించింది. యాప్‌లో పోలిక గవయాన్ని చెరిపేసి ఆ స్థానంలో ఆవును రాస్తోంది.

తిండిని లెక్కపెట్టడం ఈ దేశానికి కొత్త కాదు. సన్యాసికి 8 ముద్దలు, వానప్రస్థుడికి 16, గృహస్థుకు 32 అని ధర్మసూత్రాలు నిర్ణయించాయి. చదువుకునే బ్రహ్మచారికి లెక్క పెట్టలేదు. చాంద్రాయణ వ్రతంలో శుక్లపక్ష పాడ్యమి నాడు ఒక ముద్దతో మొదలుపెట్టి పౌర్ణమికి 15 ముద్దలకు చేరి, తర్వాత రోజుకొకటి తగ్గిస్తూ అమావాస్యకు ఉపవాసం ఉంటారు. కడుపుకు కాస్త వెలితి ఉంచి లేవడం జైనులకు ఊనోదరి అనే తపస్సు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద చెక్కిన జిన మూర్తులు ఆ ధర్మం 10వ శతాబ్దంలోనే ఇక్కడ వేళ్లూనుకుందని చెబుతాయి. ఈ లెక్కలన్నిటికీ కొలమానం ముద్ద. అది తినేవాడి చేతిలోనే ఉంటుంది, తినేవాడి అవస్థను బట్టి దాని సంఖ్య మారుతుంది.

బౌద్ధుల సంయుత్తనికాయంలో కోసల రాజు ప్రసేనజిత్తు కథ ఈ విషయంలో చాలా విలువైనది. మితిమీరి తిని ఆయాసపడుతూ వచ్చిన రాజుకు బుద్ధుడు మితాహారం మీద ఒక గాథ చెప్పాడు. రాజు ఒక యువకుణ్ణి నియమించి ప్రతి భోజనం దగ్గరా దాన్ని చదివించుకున్నాడు. క్రమంగా తిండి తగ్గింది, ఒళ్లు తేలికపడింది. ఆ యువకుడి పని గుర్తుచేయడం వరకే. ఎక్కడ ఆపాలో తేల్చుకున్నది రాజే. యాప్ నుంచి ఆశించదగ్గ మేలు కూడా ఇదే.

ఎందుకంటే మాత్ర, అంటే తినాల్సిన పరిమాణం, తినేవాడి అగ్నిబలాన్ని (జీర్ణశక్తిని) బట్టి ఉంటుందని చరకసంహిత తేల్చింది. ఆధునిక పట్టికలు కూడా ఆ మాటే ఇంకో భాషలో చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సుల ప్రకారం 55 కిలోల స్త్రీకి కూర్చుని చేసే పనైతే రోజుకు 1660 కేలరీలు, బరువు పనైతే 2720 కావాలి. మధ్య తేడా మూడు పెద్ద జొన్నరొట్టెలకు మించి ఉంటుంది. నాట్ల రోజుల్లో పొద్దంతా నడుం వంచి నాటేసి, పొలం పని లేనప్పుడు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీ ఏ గడిలో టిక్కు పెట్టాలి? యాప్‌లో ఒకసారి పెట్టిన టిక్కు ఏడాదంతా అలాగే ఉండిపోతుంది. ఆమె ఆకలి మాత్రం పనితోపాటే మారుతుంది. ఆకలి ప్రత్యక్షం. వారాల తరబడి బరువు చూసుకుని, తిన్నది ఎక్కువైందో తక్కువైందో గ్రహించడం అనుమానం. ఈ రెండింటి ముందు ఆప్తుడెవరో తెలియని అంకె నిలవదు. అయితే ప్రత్యక్షంలోనూ భ్రమ ఉంటుంది, ముత్యపుచిప్ప వెండిలా కనిపించినట్టు. రుచి యావను ఆకలి అనుకోవడం అలాంటి భ్రమే. దాన్ని సరిదిద్దడానికే నమ్మదగిన లెక్క అవసరం.

లెక్కకు అందనిది కూడా అన్నంలో ఉంది. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో భృగువు బ్రహ్మాన్ని మొదట అన్నంగానే తెలుసుకున్నాడు. అన్నాన్ని నిందించకపోవడం వ్రతమని అక్కడే ఉంది. సమ్మక్క సారలమ్మ జాతరల్లో మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూచి, బంగారమని పిలిచి తల్లులకు సమర్పిస్తారు. 60 కిలోల మనిషి తూగే బెల్లంలో 2 లక్షలకు పైగా కేలరీలుంటాయి. ఆ త్రాసులో ఒంటి బరువు కృతజ్ఞతకు కొలత. ఆదిలాబాద్ గోండులు కొత్త పంటను దేవతలకు పెట్టనిదే నోట పెట్టుకోరు. సంక్రాంతికి రెండు సకినాలు తిన్నందుకు తెర ఎర్రబడి, మనిషి రోజంతా తప్పు చేసినట్టు కుమిలితే, అది అన్నాన్ని నిందించడమే, తిన్నవారిని కూడా. ఈ ఒక్క విషయంలో యాప్‌లను గట్టిగా తప్పుపట్టాలి.

అంకె ఎక్కడిదో చెప్పేది, పచ్చి దినుసుల గ్రాములతో సొంత వంటకం రాసుకోనిచ్చేది, పచ్చి బియ్యానికీ వండిన అన్నానికీ తేడా చూపేది నప్పే యాప్. జాతీయ పోషకాహార సంస్థ 2019లో తెచ్చిన న్యూట్రిఫై ఇండియా నౌ భారతీయ పట్టికల మీద నిలబడింది కాబట్టి మొదలుపెట్టడానికి అది మేలు. రొట్టెపిండినీ, కుటుంబానికి వండే బియ్యాన్నీ, వారానికి పట్టే నూనెనూ ఒక్కసారి ఇంట్లో తూచి రాసుకుంటే సగం తప్పులు అక్కడే పోతాయి. షుగరు ఉన్నవాళ్లు, గర్భిణులు, తినాలంటేనే భయపడే స్థితికి చేరినవాళ్లు మాత్రం ఏ యాప్ మాటా వినకుండా ముందు డాక్టరును కలవాలి.