తీరిక ఉండి ఉంటే...

"టైము చాల్లేదండీ" అంటే మనలో ఎదురుండదు. కూర మాడినా, పరీక్ష తప్పినా అదే జవాబు.

అమెరికాలో 1963లో ఎన్.బి.సి. వాళ్ళు రాబర్ట్ టేలర్ సీరియల్‌ని ప్రసారానికి ముందే ఆపేసి, ఆ గురువారం ఖాళీలోకి 'టెంపుల్ హ్యూస్టన్'ని హడావిడిగా దింపారు. గుర్రాల కాలపు ప్లీడరు కథ. 26 భాగాలతోనే సరి. తీరిగ్గా తీసి ఉంటే నిలిచేదంటారు అభిమానులు. నిలిచి ఉంటే హీరో జెఫ్రీ హంటర్, అదేనండీ, 'కింగ్ ఆఫ్ కింగ్స్'లో ఏసుక్రీస్తు, మరుసటేడు 'స్టార్ ట్రెక్' మొదటి పైలట్‌కి దొరికేవాడా?

హడావిడిదే తప్పంటే మాత్రం నేనొప్పుకోను. అసలు హ్యూస్టన్ సంగతి చూడండి. 1899, ఓక్లహామాలోని వుడ్‌వర్డ్. వ్యభిచారం నేరం మీద బోనెక్కిన ఒకావిడకి వకీలు లేడు. అప్పటికప్పుడు ఈయన లేచాడు. జ్యూరీలో అందరూ మగవాళ్ళే. ఆవిణ్ణి ఈ గతికి తెచ్చింది మన మగజాతి కాదా అని నిలదీశాడు. విడుదల చేసేశారు! ఆ మాటలు అప్పటికప్పుడు పుట్టినవా? ఏళ్ళ తరబడి కోర్టుల్లో చూసిందంతా జాడీలో ఆవకాయలా లోపల ఊరి ఉండాలి.

సీరియల్ పోతే ఇంకోటొస్తుంది. ఆ పూట ఆయన వేరే ఊళ్ళో ఉండి ఉంటే ఆవిడ గతేమిటి?