ఆరవ సూతకము

జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టము అను ఐదు సూతకములును లింగధారికి లేవని బసవాది ప్రమథులు తేల్చి చెప్పిరి. ఇష్టలింగము ఎదపైనున్న దేహమును మరణము సైతము మైలపరుపజాలదని నమ్మిన సమాజమిది. ఇంట నొకరు లింగైక్యులైనపుడు ఇరుగుపొరుగువారు వెనుదీయక వచ్చుటయు, గణారాధన పంక్తిలో కూర్చుండి ప్రసాదము స్వీకరించుటయు ఆ నమ్మకము నుండి పుట్టిన ఆచారములే. అట్టి సమాజమున, ఏ శరణుడును చెప్పని ఆరవ సూతకమొకటి ఎట్లు ప్రవేశించినదో విచారింపవలసి యున్నది.

తనంత తాను ప్రాణము విడిచినవాని ఇల్లు ఆ సూతకమునకు తావు. జహీరాబాదు పరిసరములందు చెరకు, అల్లము, ప్రత్తి పండించు ఏ పల్లెనైనను తలచుకొనవచ్చును. వృద్ధుడొకడు నిండు వయస్సున కన్ను మూసినచో ఊరంతయు కదలివచ్చును. మరణము మరియొక విధమైనదని తెలిసినచో ఆ ఊరే గడప యొద్ద ఆగిపోవును. వచ్చినవారు గొంతు తగ్గించి మాటలాడుదురు. పదకొండు దినములు గడచిన పిమ్మట ఆ దారిన నడచుటయే మానుదురు. సంబంధములు కుదుర్చుకొనువారు ఆ ఇంటి పేరు వినగానే మాట మార్చుదురు. దీనిని మైల అని ఎవరును అనరు. అయినను మైలకు గల లక్షణములన్నియు దీనికి కలవు.

ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. 2022వ సంవత్సరమున భారతదేశమున 1,70,924 మంది ఇట్లు మరణించినట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కించినది. ఒక్కొక్కరి వెనుక తల్లియో, భార్యయో, బిడ్డలో, తోడబుట్టినవారో మిగిలియుందురు. పోయినవారి సంఖ్యను ప్రభుత్వము లెక్కించుచున్నది. మిగిలినవారిని లెక్కించు రిజిస్టరు ఏ కార్యాలయమునను లేదు.

మొదటి ప్రశ్న మృతుని గూర్చినది. అతడు పాపియా? ఆత్మహత్య మహాపాతకమనియు, అట్టివానికి సద్గతి లేదనియు చెప్పు మాటలు మరణించిన ఇంటనే, కన్నతల్లి వినుచుండగనే, పురాణశ్రవణము పేరిట వినిపించుచుండును. ప్రాణము శివుడిచ్చిన ప్రసాదము గనుక దానిని త్రోసివేయరాదనుట సత్యమే. ఆ సత్యము బ్రదికియున్నవానికి చెప్పవలసినది. పోయినవాని తల్లికి చెప్పినచో అది ధర్మబోధ కాదు, దండన. పైగా తప్పు నెంచవలెనన్న, చేసినవానికి ఆ క్షణమున ఎంచుకొను స్వాతంత్ర్యము ఎంత ఉండెనో తెలియవలెను. మనోవ్యాధి, మద్యము, అప్పు, అవమానము, ఏకాకితనము ఒకదానిపై నొకటి పేరుకొనినపుడు మనస్సునకు కనిపించు దారులు ఒక్కొక్కటిగా మూసికొనిపోవునని వైద్యులు చెప్పుచున్నారు. ఏ ఒక్క కారణమును దీనికి చాలదు. కన్ను పోయినవాడు గోతిలో పడినచో పాపి యనుట ఎవరికిని తోచదు.

రాజ్యము కూడ ఈ సత్యమును ఆలస్యముగానే గ్రహించినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ నిబంధన ఆత్మహత్యాయత్నమును నేరముగా పరిగణించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టి యత్నము చేసినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నట్లే భావించి, శిక్షకు మారుగా చికిత్స నీయవలెనని చెప్పినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత నిబంధనయే లేదు. ప్రభుత్వోద్యోగిని నిర్బంధించుటకై చేయు యత్నము మాత్రమే నేరముగా మిగిలినది. పోలీసు ఠాణా విడిచిన తీర్పును పంక్తిభోజనమున ఇంకను పట్టుకొని వ్రేలాడుట శరణ సంతతికి శోభించునా?

పెద్దలకు ఒక భయము కలదు. అందరితో సమానముగా సంస్కారములు జరిపించి, గణారాధన చేసినచో మరికొందరు ఆ దారి పట్టుదురేమో యని. ఈ భయమును తేలికగా కొట్టివేయరాదు. మృతుని వీరునిగా పొగడుట, మరణించిన తీరును వివరించి చెప్పుట, అతడు బాధల నుండి విముక్తుడయ్యెనని పడుచువారి యెదుట పలుకుట నిజముగనే ప్రమాదకరములు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున భక్తుల ప్రాణత్యాగ కథలు కలవు గదా యనువారును కలరు; అవి భక్తి ప్రతిజ్ఞలను గూర్చిన కథలు, నిరాశతో కుమిలిన మనస్సునకు వానిని దృష్టాంతముగా చూపరాదు. అయితే పొగడకుండుట వేరు, వెలివేయుట వేరు. విభూతియు మంత్రమును అందరికి ఇచ్చినట్లే ఇచ్చి, మరణవిధానమును గూర్చి మౌనము వహించినచో రెండు ధర్మములును నిలుచును.

రెండవ ప్రశ్న మిగిలినవారిని గూర్చినది, ఇదియే కఠినమైనది. "ఆ సాయంత్రము నేను పొలమునకు పోకయుండినచో?", "ఆ మాట అనకయుండినచో?" అని భార్య, తండ్రి, అన్న ఏండ్ల తరబడి తమ్ము తామే విచారించుకొందురు. ఈ న్యాయస్థానమున వాదియు, ప్రతివాదియు, న్యాయాధిపతియు ఒక్కరే. పిడుగు పడిన పిదప మబ్బును చదువుట సులభము. ముందు ఆ మబ్బు నిత్యము చూచు మబ్బులలో నొకటి. తెలియనిదానికి బాధ్యత లేదని తర్కము చెప్పును గాని దుఃఖము తర్కమును వినదు. కావున "నీ తప్పు లేదు" అని ఒక్కసారి చెప్పి వెడలిపోవుట చాలదు. అదే ప్రశ్నను నూరవసారి అడిగినను విసుగక వినువారు కావలెను. ఆ దుఃఖమున కోపము కూడ ఉండును. మమ్ము విడిచి ఎట్లు పోయెనని మృతునిపై మండిపడు భార్యను చూచి ఎవరును నొచ్చుకొనరాదు. అదియు ప్రేమయే.

ఇక నింద. కోడలి నోరు మంచిది కాదనియో, తండ్రి కఠినుడనియో ఊరు తీర్పు చెప్పును. పంచాచారములలో గణాచారమొకటి. శివభక్తుల నిందను సహింపరాదని దాని యర్థము. కోడలిపై పడు ఆ మాటను కట్టపై కూర్చుండి వినుచు ఊరకుండువాడు గణాచారము తప్పినవాడే. భృత్యాచారము మరియొకటి, సేవకభావముతో మెలగుట. ఈ ఇంటికి కావలసిన సేవ చాల వరకు కాగితములది. పోలీసుల పంచనామా, శవపరీక్ష, మరణ ధృవపత్రము, బ్యాంకు అప్పు, వారసుల పేరిట పట్టా మార్పు. 2018 ఆగస్టు 14న తెలంగాణమున ప్రారంభమైన రైతుబీమా పథకమున, 18 నుండి 59 ఏండ్ల లోపు నమోదైన పట్టాదారు ఏ కారణముచే మరణించినను నామినీకి 5 లక్షల రూపాయలు లభించునట్లు ఏర్పాటు చేయబడినది. దుఃఖమున మునిగిన స్త్రీకి ఇవి యన్నియు కొండలు. ఆమెతో కూడ మండల కార్యాలయమునకు పోయి వరుసలో నిలుచుట దాసోహము కాక మరేమి?

బిడ్డలకు అబద్ధము చెప్పరాదు. తండ్రి జ్వరముతో పోయెనని ఇంట చెప్పగా, బడిలో తోటివాడు వేరొకటి చెప్పును. నాటి నుండి ఆ బిడ్డ ఇంటివారి ఏ మాటను నమ్మదు. నాయన మనస్సు మిక్కిలి జబ్బుపడెననియు, అందువలన ప్రాణము తీసికొనెననియు, అది నీ వలన కాదనియు, వయస్సునకు తగినట్లు చెప్పిన చాలును. వివరములు అక్కరలేదు.

1969లో ఇంగ్లండునందలి కోవెంట్రీ పట్టణమున, బిడ్డలను పోగొట్టుకొనిన తలిదండ్రుల సంఘమొకటి ఏర్పడినది. ఆసుపత్రిలో పనిచేయు ఒక యువ క్రైస్తవ పురోహితుడు, అట్టి రెండు కుటుంబములను కలిపి, తన ఓదార్పు కంటె వారు ఒకరికొకరు చెప్పుకొను మాటయే ఎక్కువ పనిచేయుట గమనించెను. అది నేడు అనేక దేశములకు వ్యాపించినది. మనకు ఇది క్రొత్త కాదు. కల్యాణమున అనుభవ మంటపమనగా, పాండిత్యమును గాక అనుభవమును నలుగురిలో చెప్పుకొను తావు. జహీరాబాదు చెంత పస్తాపూరు కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో, బడి మెట్లెక్కని దళిత స్త్రీలు వలయముగా కూర్చుండి విత్తనములను గూర్చి, జొన్నలను గూర్చి మాటలాడి నిర్ణయములు చేయుట ఈ ప్రాంతమువారు ఎరిగినదే. అట్లే మఠపు మండపమున నెలకొకసారి, ఇట్టి దుఃఖమునకు గురియైనవారు నలుగురు కూర్చుండుటకు ఒక చాప చాలును. ఉపన్యాసము వలదు.

ఇట్టి మృతుల కుటుంబములకు తోడ్పడుట రాబోవు తరమున అట్టి మరణములను నివారించుటయే యని అమెరికా మనశ్శాస్త్రవేత్త ఎడ్విన్ ష్నైడ్‌మన్ భావించెను. మిగిలినవారిలో కొందరికి ఆ చీకటి తలపు రావచ్చును. నిద్ర, ఆహారము మాని, తానును పోవుదునని పలుకువారిని ఒంటరిగా విడువరాదు. అట్టి తలపు కలదాయని సూటిగా అడిగినంత మాత్రమున అది పుట్టదు. వైద్యుని యొద్దకు తోడుగా కొనిపోవలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై, రాత్రియైనను పగలైనను, ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. మఠపు నోటీసు పలకపై ఈ ఐదంకెలు వ్రాయుటకు పీఠాధిపతుల అనుమతి తప్ప ఖర్చేమియు లేదు.

కాయకమునకు త్వరగా మరలుమని తొందరించువారును కలరు. పని మేలు చేయునది నిజమే, కాని దుఃఖమును దాచుటకు పనిని కప్పుగా వాడిన అది లోపల పుండగును. మొదటి ఉగాది, మొదటి శివరాత్రి, మృతుని తిథి, ఈ దినములు అన్నిటికంటె బరువైనవి. ఆ దినమున ఎవరైనను పోయి, మృతుని పేరెత్తి, అతడు నాటిన చింతచెట్టును గూర్చియో, అతని నవ్వును గూర్చియో ఒక మాట చెప్పినచో ఆ తల్లికి ఎంత ఊరటయో! అతని చివరి దినము అతని జీవితమంతటిని మింగివేయలేదని ఆమెకు తెలియును.

శ్రావణమాసమున జంగమమూర్తులు ఇంటింటికి వెడలుట కలదు. ఈ యేడు బయలుదేరుటకు ముందు ఆ ఇంటి పేరును పట్టికలో మొదట వ్రాసికొనవచ్చును.