మూత లేని కూజా

మొన్న ఉగాదికి మా అబ్బాయీ కోడలూ బెంగుళూరు నుంచి తిరుపతి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చారు. విప్పి చూద్దును కదా, లోపల గాజు కూజా! సన్నని మెడ, బాతు పొట్టలాంటి అడుగు. గట్టిగా తుమ్మితే పగిలిపోయేట్టుంది.

"ఎంత ముద్దుగా ఉందే! పూలు పెట్టుకోనా?" అన్నాను.

కోడలు నవ్వాపుకుంటూ, "పూలకు కాదత్తమ్మా, దాన్ని డికాంటర్ అంటారు. వైన్ పోసుకునేది. పెళ్ళికి మీ అబ్బాయి స్నేహితులిచ్చారు. మా ఫ్లాటులో చోటు లేదు, మీ షోకేసులో పెట్టుకోండి" అంది.

చూశారా, వైనుకు చోటుంది గానీ కూజాకు లేదన్నమాట! మా వాడు నెమ్మదిగా, "ఎప్పుడో ఓ గ్లాసు, శనివారం రాత్రి. ద్రాక్షరసమే కదమ్మా" అన్నాడు.

శనివారం! వారానికి ఏడు రోజులుండగా వీడికి వెంకటేశ్వరస్వామి వారమే దొరికింది. మా వరండాలో నుంచుంటే కొండ కనిపిస్తుంది. ఆ కొండమీదికి మద్యం, మాంసం, పొగాకు వెళ్ళడానికి వీల్లేదు. అలిపిరి దగ్గర సంచులు సోదా చేసిగానీ పంపరు. ఆ కొండ కింద కాపురముంటూ ఈ మాట వినాల్సి వచ్చింది నాకు.

సరే, కోప్పడేముందు అసలిదేమిటో తెలుసుకుందామనుకున్నాను. తెలుసుకుంటే మనకు కొత్తేమీ కాదు. చింతపండు పిసికి, మడ్డి అడుక్కి దిగాక పైతేట వంచుకోమూ? వెన్న కాచి, గసి కదలకుండా నెయ్యి వంచుకోమూ? ఇదీ అంతే. ఏళ్ళ తరబడి సీసాలో నిలవున్న ఎర్ర వైన్ అడుగున మడ్డి పేరుకుంటుంది. అది కదలకుండా పైతేటను వంచుకోవడానికి ఈ కూజా. రెండో ఉపయోగం, కొత్త వైనుకు గాలి తగిలి ఘాటు తగ్గుతుందని. అయితే ఈ రెండోదానిమీద తెలిసినవాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. ఫ్రాన్సులో ఎమిల్ పేనో అనే పేరుమోసిన వైన్ శాస్త్రజ్ఞుడు, మడ్డి ఉంటే తప్ప ఇలా వంచనక్కర్లేదనీ, ఎక్కువసేపు గాలికి పెడితే ఉన్న సువాసన కూడా పోతుందనీ చెప్పేవాడు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే వైన్ చాలావరకు వడకట్టి సీసాల్లో పోసిందే. మడ్డే లేనప్పుడు కూజాతో పనేమిటి?

పైగా తళతళలాడే ఖరీదైన రకాల గాజులో సీసం కలుస్తుంది. ఇంగ్లండులో రావెన్స్‌క్రాఫ్ట్ అనే ఆయన 1674లో ఇలాంటి గాజుకు పేటెంటు తీసుకున్నాడు. అందులో వైన్ రోజుల తరబడి నిలవుంచితే సీసం అందులోకి దిగుతుంది. అంచేత, ఎప్పుడో ఓ గ్లాసు తాగేవాళ్ళకు ఈ కూజా దండగ. ఇంతవరకూ లెక్క తేలింది.

కానీ నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ఈ కూజాకు మూత లేదు.

వైన్ సీసాలో పట్టేది 750 మిల్లీలీటర్లు, అంటే గ్లాసుకు 150 చొప్పున అయిదు గ్లాసులు. మొగుడూ పెళ్ళాం చెరొకటి తాగి సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మిగతాది రెండు మూడు రోజులుంటుంది. కూజాలోకి మొత్తం వంచేస్తే మర్నాటికి రుచి పోతుంది. "పారబోయడం ఎందుకు, ఇంకో గ్లాసు" అనిపిస్తుంది. మిగిలిన ఉప్మా పారేయలేక తినేసే మనకు ఈ బలహీనత తెలియంది కాదు. మూత ఉన్న సీసా "ఇక చాలు" అంటుంది. మూత లేని కూజా "అయిపోనీ" అంటుంది.

మా నాయనమ్మ అలమరలో ద్రాక్షారిష్టం సీసా ఉండేది. అదీ పులిసిన ద్రాక్షే, అందులోనూ కాస్త ఆల్కహాలు ఉంటుంది. ఔన్సు గ్లాసులో గీత దాకా పోసుకుని, అన్ని నీళ్ళు కలుపుకుని తాగి పడుకునేది. గీత దాటడం ఎవరూ చూడలేదు. ఏ కాస్త తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చేసింది. అయినా తాగేవాడికి కనీసం ఒక గీత ఉండాలి కదా!

ఇలా అనుకుంటుండగానే మా పనిమనిషి షోకేసు తుడుస్తూ, "ఇదేందమ్మా?" అంది. చెప్పాను. కాసేపు తుడుపుగుడ్డ పట్టుకుని నిలబడింది.

"మా ఇంటాయన క్వార్టరు సీసా ఎత్తితే తాగుబోతు నాయాలంటిరి కదమ్మా. దీంట్లో పోసుకుని తాగేటోళ్ళను ఏమంటారు?"

నాకు నోట మాట రాలేదు. పోయిన నెలలో ఆవిడతో "వాణ్ణి గడప తొక్కనీకు" అన్నది నేనే. మా వాడితో "జాగ్రత్త నాయనా" అన్నదీ నేనే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడితే, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ ఆడవాళ్ళు ఏ పాత్రలో పోసుకున్నావని మొగుణ్ణి అడగలేదు. కూలి డబ్బుల్లో ఇంటికెంత వచ్చిందని అడిగారు. మా వాడు తాగితే పొయ్యి ఆగదు, పనిమనిషి ఇంట్లో ఆగుతుంది. తేడా అక్కడే ఉంది, నిజమే. కానీ అది మా వాడి గుణంలో ఉన్న తేడానా, జీతంలో ఉన్న తేడానా? తల్లిని గనక గుణమనే అనుకోవాలని ఉంది. గట్టిగా అనలేకపోతున్నాను.

ఆ రాత్రి మా వాడికి ఫోను చేశాను. "ఆ కూజా నీకొద్దురా. మూత తీసిన చేత్తోనే మళ్ళీ మూత పెట్టగలుగుతున్నావా, అది చూసుకో. పెట్టలేని రోజు వస్తే నా దగ్గర దాచకు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అలాగేనమ్మా" అన్నాడు.

కూజాను అట్టపెట్టెలో సర్ది అటకెక్కించాను. షోకేసులో దాని చోటు ఖాళీగానే ఉంది. పనిమనిషికి ఇవ్వాల్సిన జవాబు మాత్రం ఇంకా బాకీ. మీకేమైనా తోస్తే చెప్పండి.