అంగడి అరుగు, గాజు తలుపు

సూళ్లూరుపేట బజారులో రెండు పాత అంగళ్లు పడగొట్టి ఆ జాగాలో ఒక పెద్ద కంపెనీ దుకాణం పెట్టారు. గాజు తలుపు, చల్లగాలి, చక్రాల బుట్టలు, వాకిట్లో టోపీ పెట్టుకున్న సెక్యూరిటీ మనిషి. అది తెరిచిన వారం, మా కాలనీ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పే సారు ఒకాయన చాలా బాధపడ్డారు. "అన్ని ఊళ్లూ ఒకే మాదిరి అయిపోతా ఉండాయి. మన ఊరి కళ పోతా ఉండాది" అన్నారు. ఆయన మంచి మనిషి. పైసా తీసుకోకుండా చదువు చెప్తారు. పక్కనే చిరిగిన వల బాగుచేసుకుంటున్న అవ్వ తల ఎత్తకుండానే అడిగింది: "ఎవురి ఊరు సారూ?"

సారు నవ్వి ఊరుకున్నారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట మమ్మల్ని ఇంతవరకు వదల్లేదు, అందుకే ఇది రాస్తున్నాం.

చిన్న ఊళ్ల సొగసు గురించి మనం చదివిన రాతలు చాలా ఉన్నాయి. కాఫీ హోటల్లో అడక్కుండానే మన రుచికి తగ్గ కాఫీ తెచ్చిపెట్టే మనిషి, మీ నాయన బాగున్నాడా అని పలకరించే అంగడాయన, పొయ్యి మీద పులిబొంగరాలు తిప్పుతూ ముచ్చట్లు చెప్పే పెద్దమ్మ. చైన్ హోటళ్లు, చైన్ దుకాణాలు వచ్చి ఇదంతా చెరిపేస్తున్నాయని ఆ రాతల బాధ. అబద్ధమేమీ కాదు. సూళ్లూరుపేట అంగడాయనకు మా నాయన పేరు కూడా తెలుసు. కాని ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. "ఒరే యానాదీ" అనే పిలిచేవాడు.

మేము యానాదులం. మా అమ్మానాన్నల కాలంలో అంగడి అరుగు ఎక్కకూడదు. డబ్బులు అరుగు అంచున పెట్టి కింద నిలబడాలి. అందరూ కొనుక్కుని పోయినాక మా వంతు. పైనుంచి కొంగులో సరుకు పోస్తారు. పడితో బియ్యం కొలిచేటప్పుడు ఆయన బొటనవేలు పడి లోపలే ఉండేది. ఆ వేలంత బియ్యం ప్రతిసారీ ఆయనకే మిగిలేది. టీ అంగట్లో మా గ్లాసు వేరే, చూరులో దోపి ఉండేది, తాగినాక మేమే కడిగి అక్కడే పెట్టాలి. ఇక పీతల లెక్క. వానల్లో పనుల్లేనప్పుడు అంగడాయన బియ్యం, కొంచెం డబ్బు ముందుగా ఇచ్చేవాడు. దానికి బదులు పులికాట్ సరస్సులో పట్టిన మండపీతలన్నీ ఆయనకే ఇవ్వాలి, ధర ఆయన చెప్పిందే. పద్దు ఆయన పుస్తకంలోనే ఉండేది. మాకు చదువు రాదు కాబట్టి వేలిముద్ర. ఆ పద్దు తీరిన సంవత్సరం మాకెవరికీ గుర్తు లేదు.

ఇంతవరకే రాసి ఆపితే మాకే సుఖం. కాని మాలో ఒకరి తమ్ముడికి ఒక రాత్రి వాంతులు పట్టుకున్నాయి. పన్నెండు గంటలప్పుడు పోయి తలుపు కొడితే తీసింది ఆ అంగడాయనే. డబ్బులిచ్చాడు, తన స్కూటర్ మీద తల్లినీ బిడ్డనూ ఆస్పత్రికి తీసుకుపోయాడు. పిల్లోడు బతికాడు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆయన వెనక స్కూటర్ ఎక్కిన ఆ తల్లి మర్నాడు ఉప్పు కొనడానికి పోయి మళ్లీ అరుగు కిందే నిలబడింది. ఆయనకూ అది వింతగా తోచలేదు, ఆమెకూ తోచలేదు. ఊరి ఆప్యాయత అని అందరూ అనేదీ, మేము అవమానం అనేదీ ఒకే మనిషి చేతుల్లోంచి వచ్చాయి. కొత్త దుకాణం మంచిదా పాతది మంచిదా అని పిల్లలు అడిగితే మేము వెంటనే చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఇంకొంచెం వెనక్కి పోవాలి. పులికాట్‌కూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి మా పెద్దల అడవి. 1835లో అది కంపెనీ ప్రభుత్వం చేతికి పోయింది. అక్కడి వంటచెరకు బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో మద్రాసుకు పోయేది. మా వాళ్లు తేనె, కుంకుడుకాయలు, చిరివేరు తెచ్చి అప్పజెబితే బదులుగా గింజలో, డబ్బో ఇచ్చేవాళ్లు. చిరివేరు అంటే ఎర్ర రంగునిచ్చే వేరు. మచిలీపట్నం అద్దకం బట్టల ఎరుపు ఆ జాతి వేరుదే. ఆ బట్టలు ఓడలెక్కి దేశాలు తిరిగాయి. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ పుస్తకంలో మా గురించి, మా అలవాట్ల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆ తర్వాత మమ్మల్ని నేరస్థ తెగల చట్టం కింద పెట్టారు. దేశమంతటా ఆ చట్టం 1952లో గాని పోలేదు. కాబట్టి దూరం నుంచి వచ్చిన కొనుగోలుదారు మాకు కొత్త కాదు. చైన్ అంటే గొలుసే కదా. ఆ గొలుసు చివరి కొసలో మేము ఎప్పటి నుంచో ఉన్నాం, కాకపోతే అప్పుడు దానికి బోర్డు లేదు.

1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. దీవిలో ఇంకా మిగిలిన మా కాలనీల్లోకి చుట్టం పోవాలన్నా గేటు దాటాలి. దాని మంచిచెడ్డలు వేరే వ్యాసానికి సరిపోతాయి. ఇక్కడ చెప్పాల్సింది ఒకటే. రాకెట్ కేంద్రం వల్లనే సూళ్లూరుపేట పెరిగింది. 2019లో రాకెట్ ప్రయోగాలు చూడటానికి జనానికి గ్యాలరీ తెరిచాక కార్లలో వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. చల్లగాలి హోటళ్లు, గాజు తలుపులు వాళ్ల వెనకే వచ్చాయి. అట్లా వచ్చినవాళ్లలోనే కొందరికి పాత కళ కూడా కావాలి. తాటాకు పందిరి కింద అరిటాకులో నెల్లూరు చేపల పులుసు తిని ఫోటో తీసుకుంటారు. పులుసుకు ఊరి పేరుంది, హోటలుకు బోర్డుంది. మోకాళ్ల లోతు నీళ్లలో రోజంతా వంగి, చేతులతో తడిమి రొయ్యలు పట్టిన మా ఆడవాళ్ల ఊసు ఆ కళలో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు గాజు తలుపు సంగతి. మేము దాన్ని మొదటిసారి తోసినప్పుడు గుండె కొట్టుకుంది, దాచడమెందుకు? సెక్యూరిటీ మనిషి మా చెప్పుల వైపు చూశాడు. కాని ఆపలేదు. లోపల ప్యాకెట్ మీద ధర అచ్చు వేసి ఉంది. అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర ప్యాకెట్ మీద వేయాలన్న నిబంధన 1990లో వచ్చింది. చదవడం వచ్చిన యానాది పిల్లకు అది చిన్న విషయం కాదు. ఆ అంకెకు మన కులం తెలియదు. పడిలో బొటనవేలు లేదు. వరసలో మా ముందు ఒక ఆఫీసరుగారి భార్య, మా వెనక ఒక రైతు. మా వంతు వచ్చినప్పుడే వచ్చింది, అందరూ పోయినాక కాదు. అవ్వకు ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. "పేరడగలేదా?" అంది. అడగలేదన్నాం. "ఎవురూ పలకరించలేదా?" అంది. పలకరించలేదన్నాం. అది మంచో చెడో అవ్వ తేల్చలేదు.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఉన్నది మా కాలనీ పిల్లే. ఇంటర్ పాసయింది. నెల జీతం, యూనిఫాం, మెడలో కార్డు, కార్డు మీద పేరు. బజారులో ఆ పిల్లను జనం పేరుతో పిలిచింది ఆ కార్డు వల్లనే. కాని పొద్దున పదింటికి నిలబడితే రాత్రి దాకా నిలబడే ఉండాలి. స్టూలు వేయరు. కేరళలో ఇట్లాంటి ఆడపిల్లలు పోరాడితే 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చారు. తమిళనాడులో 2021లో ఇచ్చారు. తడ దాటితే తమిళనాడే. అరుగు కింద నిలబడ్డ తల్లి కూతురు ఇప్పుడు అరుగు లోపలే నిలబడి ఉంది. ఎంత దూరం వచ్చాం అని గర్వపడాలో, ఇంకా నిలబడే ఉన్నామని కోపపడాలో తెలియదు. రెండూ పడుతున్నాం.

పెద్ద కంపెనీకి కులం పట్టదని మాలో చదువుకున్న కుర్రాళ్లు కొందరు గట్టిగా వాదిస్తారు. వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో వూల్‌వర్త్ అని ఒక చైన్ దుకాణం ఉండేది, దేశమంతా శాఖలు. గ్రీన్స్‌బరో అనే ఊళ్లోని శాఖలో నల్లజాతి వాళ్లు సరుకులు కొనుక్కోవచ్చు, కాని భోజనం బల్ల దగ్గర కూర్చోకూడదు. 1960 ఫిబ్రవరి 1న నలుగురు విద్యార్థులు పోయి ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డించలేదు. ఊరి ఆచారాన్నే పాటిస్తామన్నది ఆ కంపెనీ జవాబు. చూశారా, ఊరి కళను పెద్ద కంపెనీ కూడా కాపాడుతుంది, అది తనకు లాభమైతే. అయితే కథ అక్కడ ఆగలేదు. ఇక్కడ వడ్డించని కంపెనీకి న్యూయార్క్‌లో కూడా దుకాణాలున్నాయి కదా, అక్కడివాళ్లు ఆ దుకాణాల ముందు నిలబడి నిరసన చేశారు. ఒక ఊళ్లో చేసిన తప్పు అన్ని ఊళ్లలో కంపెనీ మెడకు చుట్టుకుంది. జులై 25న ఆ బల్ల దగ్గర మొదట కూర్చుని తిన్నది ఆ దుకాణంలోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. మా బిల్లింగ్ పిల్లకు ఈ కథ చెప్పాం. "కూర్చుని తిన్నారా!" అంది. ఆమెకు కూర్చోవడమే ముందు కనిపించింది.

మన అంగడాయన మీద అట్లా పోరాడటం కష్టం. ఆయనకు ఒకటే అంగడి, మనకూ ఆయన ఒకడే. శ్రీకాకుళం ఏజెన్సీలో సావుకార్ల తూకాల మీద, అప్పుల మీద గిరిజనులు తిరగబడినప్పుడు ఎంత ఖరీదు చెల్లించారో ఈ పుస్తకం చదివేవాళ్లకు తెలుసు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న కాల్పులకు బలయ్యారు. సంత కళకళలాడుతూనే ఉండేది అప్పుడు కూడా. 1956లోనే ప్రభుత్వం గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ పెట్టి డిపోలు తెరిచింది. అవీ చైన్ దుకాణాలే ఒక లెక్కన, కాని వాటికీ కంపెనీ దుకాణాలకూ ఒక తేడా ఉంది. అవి మన దగ్గర కొంటాయి కూడా. తేనె, చింతపండు, జిగురు తీసుకుని ఉప్పు, నూనె ఇస్తాయి. వాటి లోపాలు వాటికున్నాయి, అయినా కొనడం అమ్మడం రెండూ చేసే దుకాణంలో మనిషికి కొంచెం నోరుంటుంది.

గాజు తలుపు మన దగ్గర ఏమీ కొనదు. అవ్వ బుట్టలో పీతలు తీసుకుని లోపలికి పోతే ఏమవుతుంది? వాసన అంటారు. అదే పీత మద్రాసు పోయి, విమానమెక్కి సింగపూర్‌లో చైన్ హోటల్ పళ్లెంలోకి చేరవచ్చు. అవ్వకు ఆ దారి తెలియదు, నడుమ ఎన్ని చేతులున్నాయో తెలియదు. పైగా కంపెనీ ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. 1997లో మద్రాసులో మొదలైన సుభిక్ష పదేళ్లు దాటేసరికి దేశమంతా దాదాపు పదహారు వందల దుకాణాలు పెట్టింది. 2009కల్లా అన్నీ మూతబడ్డాయి. మూతబడిన గాజు తలుపును అర్ధరాత్రి కొడితే ఎవరు తీస్తారు? ఆ స్కూటర్ మాకు మళ్లీ గుర్తొచ్చేది ఇక్కడే.

కాబట్టి సారుతో మా తగాదా పాత అంగడి పోవాలని కాదు. ఊరి కళ నిలబడాలంటే ఊరివాళ్లందరూ దానికోసం బాధపడాలి. అరుగు ఎక్కనివ్వని ఊరి కోసం అరుగు కింద నిలబడ్డవాళ్లు ఎందుకు బాధపడతారు? మమ్మల్ని పిలిచి ఈ ఊరు మీది కూడా అన్ననాడు పెద్ద కంపెనీతో పోట్లాడటానికి మేము ముందుంటాం. ఆ పిలుపు సభల్లో దండ వేసి చెప్పేది కాదు, బజారులో జాగా రూపంలో రావాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు, షెడ్యూల్డ్ తెగలకు తగిన చోటు. ఉపాధ్యాయులారా, మీ పిల్లల అవ్వల్లో, అత్తల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? పౌరశాస్త్రం పాఠంలో పార్లమెంటు గురించి చెప్పే రోజున ఇది కూడా చెప్పండి. మా కాలనీలో మేము చెప్పేటప్పటికే కొంచెం ఆలస్యమయింది.

ఎందుకంటే గాజు తలుపు తెరిచాక దాని ముందు బండ్లు నిలపడానికి జాగా కావలసి వచ్చింది. అవ్వ బుట్ట పెట్టుకునేది సరిగ్గా అక్కడే. లేవమన్నారు. అవ్వ నాలుగడుగులు జరిగింది. మళ్లీ లేవమన్నారు. ఇంకో నాలుగడుగులు. ఇప్పుడు పాత టీ అంగడి పక్కన కూర్చుంటోంది, ఆ అంగడాయన కొడుకు తన పందిరి నీడలో చోటిచ్చాడు. గ్లాసు వేరే పెట్టలేదు. వాళ్ల నాయన కాలంలో పెట్టేవాడని అవ్వ అతని ఎదుటే చెప్పింది. అతను తల దించుకుని టీ పోశాడు.

మొన్న రాత్రి దుకాణం మూసినాక బిల్లింగ్ పిల్ల అక్కడికి వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. అవ్వ పక్కన గోనె మీద కూలబడి రొయ్యలు ఎంతని అడిగింది. అవ్వ చెప్పింది. పిల్ల బేరమాడింది. అవ్వ తగ్గించలేదు.

"జీతం ఒకటో తేదీన అవ్వా, అప్పుడిస్తా" అంది పిల్ల.

"అట్నేలే" అంటూ అవ్వ ఆకులో రొయ్యలు పోసి, పైన ఇంకో గుప్పెడు వేసింది. పద్దు రాసుకోవడానికి అవ్వ దగ్గర పుస్తకం లేదు.